రాతిపొడిలో సొరపాదు

చీమకుర్తిలో మేము సొంత ఇల్లు కట్టుకున్నది తొంభైల చివర్లో. క్వారీలకు వెళ్లే లారీల రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి వస్తే ఊరు అక్కడితో అయిపోతుంది. ఆ చివర్న మా స్థలం. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. ముందు రెండు గదులూ వంటిల్లూ వేసుకున్నాక వెనక ఇల్లంత జాగా మిగిలింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు గదుల్లో పరిచిన రాళ్ల నునుపు చూసి మెచ్చుకుంటుంటే, నేను ఆడవాళ్లను వంటింటి తలుపులోంచి వెనక్కి తీసుకెళ్లి, ఏమీ లేని ఆ ఎర్రటి నేల చూపించాను. ఇక్కడ సొరపాదుకి పందిరి, ఆ గోడ వెంట దొండ, ఈ మూల వంగ, తలుపు పక్కన గోంగూర అని చేత్తో చూపిస్తూ చెప్పాను. వాళ్లు మర్యాదకి తలూపి భోజనాలకు వెళ్లిపోయారు.

నేను పుట్టి పెరిగింది పెదకాకాని దగ్గర ఒక పల్లెలో. మా నాన్న మిరప, పత్తి వేసేవాడు. చేను నాన్నది, దొడ్డి అమ్మది. పత్తికి పచ్చపురుగు పట్టి, ఎన్ని మందులు కొట్టినా చావక, ఊరు ఊరంతా తలలు పట్టుకొని కూర్చున్న ఏడు కూడా మా ఇంట్లో కూర ఏమిటన్న ప్రశ్న రాలేదు. అమ్మ గిన్నె పట్టుకొని దొడ్లోకి వెళ్లేది, గిన్నె నింపుకొని వచ్చేది. అది నల్లరేగడి. అన్నం తిని చేతులు కడిగిన చోట టమాటాలు వాటంతట అవే మొలిచేవి. మొక్క పెంచడం అంటే కష్టమని నాకు పెళ్లయ్యేదాకా తెలియదు.

పెళ్లయ్యాక చీమకుర్తి వచ్చాను. మా ఆయన ఒక గ్రానైటు కటింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా మామయ్య పోయాక మా అత్తయ్య కూడా దర్శి వైపు పల్లె నుంచి వచ్చి మాతోనే ఉంటోంది. అద్దె ఇళ్లలో ఉన్నన్నాళ్లు కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి అన్నీ కొనుక్కోవడమే. వాడిపోయిన బీరకాయ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. అందుకని సొంత ఇల్లు అనగానే నేను గదుల కొలతలు అడగలేదు, వెనక ఎంత వదులుతున్నారని అడిగాను.

వానలు పడగానే అమ్మ దగ్గర నుంచి విత్తనాలు తెచ్చుకొని చల్లాను. గోంగూర వారంలో మొలిచింది. రెండాకులు, నాలుగాకులు వేసింది. తర్వాత ఎక్కడివి అక్కడే ఆగిపోయాయి. ఆకులు పసుపుపచ్చగా తిరిగి, అంచులు మాడి, ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. వంగనారు నాటితే అదీ అంతే. నీళ్లు పోస్తే ఇంకేవి కావు. పైన పల్చగా నిలబడి, మర్నాటికి ఆరిపోయి, నేల పెచ్చులు కట్టేది. ఎరువు తక్కువైందేమోనని పాలాయన దొడ్లోంచి పేడ ఎరువు తెప్పించి వేశాను. అది వేసినచోట వేసినట్టే ఎండిపోయింది.

"నీ చెయ్యి మంచిది కాదేమో," అంది మా అత్తయ్య. ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే అనుమానపడింది. అది ఇంకా బాధ కలిగించింది.

ఆ కోపంలోనే ఒక ఆదివారం గునపం తీసుకొని సొరపాదు పెట్టాలనుకున్న చోట తవ్వడం మొదలుపెట్టాను. పైన జానెడు ఎర్ర గ్రావెల్. దాని కింద గునపం దిగలేదు. కొట్టగా కొట్టగా బూడిదరంగు గడ్డలు లేచాయి. తడిగా ఉన్నచోట వేళ్లకి పిండిలా అంటుకుంది, ఎండిన చోట సుద్దలా గట్టిగా ఉంది. అందులో ఒక్క వానపాము లేదు, ఒక్క వేరు లేదు. గడ్డ ఒకటి తీసుకెళ్లి, పేపరు చదువుకుంటున్న మా ఆయనకి చూపించాను.

ఆయన వేళ్లతో నలిపి చూశాడు. "ఇది మా బురదే," అన్నాడు.

"మీదంటే?"

"ఫ్యాక్టరీల్లోది. రాయి కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పోస్తాంగా. ఆ నీళ్లలో కలిసిపోయే పొడి ఇది. గుంటలో పేరుకుంటే ట్రాక్టర్లకి ఎత్తి బయట పోయిస్తాం."

"మరి మన దొడ్లోకి ఎట్టా వచ్చింది?"

"ఇక్కడ పల్లం ఉండేదంట. అమ్మినాయన పూడ్పించి పైన గ్రావెల్ పోయించి ఉంటాడు. పునాదులు ముందువైపే తవ్వాంగా, అక్కడ మట్టి బాగానే ఉంది."

ఆయన మళ్లీ పేపరు తీసుకున్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తి, "గుంటలు పూడ్చుకుంటాం, బురద పంపండి అని ఊళ్లో చాలామంది వచ్చి అడిగేవాళ్లు. మాకూ దాన్ని వదిలించుకోవడమే తలనొప్పి. అడిగినవాళ్లందరికీ పంపేవాణ్ణి," అన్నాడు.

"ఇక్కడికి కూడా పంపారా?"

"పంపానేమో. ఈ వైపు చాలా ట్రాక్టర్లు తోలించాం." అని నవ్వాడు. ఆయనకి అది నిజంగా నవ్వొచ్చే విషయంలాగే తోచింది. నాకు ఆ గడ్డ ఎక్కడ విసిరికొట్టాలో తెలియలేదు. గుప్పెట్లో పెట్టుకునే వంటింట్లోకి వెళ్లాను.

ఆ బురద తీయించేస్తే సరిపోతుందనుకున్నాను. గోడ పక్కన మంచం వేసేంత చోటు నడుంలోతు తవ్వడానికి ఇద్దరు కూలీలు వచ్చారు. తవ్వారు. తవ్విందంతా పెరటి మూలన గుట్ట పోశారు. ఇప్పుడు ఈ గుట్టని ఎవరు పట్టుకుపోవాలి? ఇంటి పక్క సందులో ట్రాక్టరు పట్టదు. పట్టినా, ఎక్కడ పోస్తారు? ఊళ్లో ప్రతి గుంటా అప్పటికే దీంతో నిండిపోయింది. "ఎక్కడన్నా గుంట ఉంటే చెప్పు, పంపిద్దాం," అన్నాడు మా ఆయన. ఆ గుట్ట మా పెరట్లోనే ఉండిపోయింది. గాలి వీచిన రోజు ఆరేసిన బట్టల మీద సన్నటి పొడి పడేది.

తవ్విన చోటుని నింపడానికి మంచి మట్టి కావాలి. ఎండాకాలంలో చెరువులు ఎండినప్పుడు అడుగు మట్టి తవ్వి పొలాలకు తోలుతుంటారు. ఒక ట్రాక్టరు మట్టి మాకూ తోలమని చెప్పించాను. డ్రైవరు వచ్చి సందు చూసి, ఇంజను ఆపకుండానే తల అడ్డంగా ఊపాడు.

"లోపలికి రాదక్కా. ఇక్కడే పోసేస్తన్నా."

"రోడ్డు మీద పోస్తే ఎట్టా?"

"మోసుకోండి. మట్టేగా." తొట్టి పైకి లేచింది. మా వాకిలి ముందు నల్లటి గుట్ట పడింది.

ఆ పూట కూలికి ఎవరూ దొరకలేదు. నేను తట్ట తీసుకొని మొదలుపెట్టాను. వాకిట్లోంచి, ఇంటి పక్క సందులోంచి, వెనక గుంటలోకి. మా అత్తయ్య కాసేపు గుమ్మంలో కూర్చొని చూసింది. తర్వాత కొంగు నడుముకి దోపుకొని లేచింది. పార పట్టుకొని నాకు తట్టలకి ఎత్తింది. "మీరు కూర్చోండి అత్తయ్యా," అంటే వినలేదు. "మట్టి మోయనిదాన్నా నేను?" అంది. ఆ సాయంత్రం ఆవిడ పక్కన ఉండటం నాకు ఎంతో ధైర్యంగా అనిపించింది.

సగం కూడా మోయకముందే ఆకాశం నల్లబడింది. ఎండాకాలపు గాలివాన ఎలా వస్తుందో తెలిసిందే. ముందు దుమ్ము, తర్వాత ఉరుములు, ఆ తర్వాత కుమ్మరించినట్టు వాన. మేమిద్దరం ప్లాస్టిక్ పట్టా కప్పడానికి చూశాం, గాలికి అది ఎగిరి కరెంటు స్తంభానికి చుట్టుకుంది. కళ్లముందే చెరువు మట్టి నల్లటి కాలవై సందంతా పారింది. పక్కింటి వాళ్ల వాకిట్లోకి వెళ్లింది, ఎదురింటి స్కూటరు చక్రాల చుట్టూ పేరుకుంది. వాన తగ్గాక ఎదురింటాయన బయటికి వచ్చి, "ఊళ్లో అందరికీ రాతిపొడితో కష్టం అయితే మీరు మట్టితో తెచ్చారు," అన్నాడు. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకొని లోపలికి నడిచాడు. "అంత అవసరమా?" అని ఒక్కమాట అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు పొడిచింది.

మిగిలిన మట్టితో గుంట మూడొంతులు నిండింది. దానికే ఎరువు కలిపాను. ఆ ఏడు తొలకరికి సొరవిత్తనం పెట్టాను, పక్కన వంగ, మిరప. ఈసారి మొలకలు ఆగలేదు. మా అమ్మ దొడ్డిలో లాగా కాకపోయినా పెరిగాయి. సొరతీగ పందిరి కర్రని అందుకున్న రోజు పనులన్నీ వదిలేసి దాని ముందు నిలబడ్డాను.

అప్పుడు నీళ్ల గొడవ వచ్చింది. ఆ సంవత్సరాల్లో వానలు సరిగా లేవు. కుళాయి రోజూ వచ్చేది కాదు. వీధిలోకి ట్యాంకరు వస్తే బిందెలతో తోసుకునేవాళ్లం. మా అత్తయ్య దర్శి వైపు మెట్ట పల్లెలో పుట్టి, అక్కడే ముసలిదైన మనిషి. కడవ నీళ్ల కోసం పొలాల గట్ల మీద మైళ్లు నడిచిన మనిషి. మట్టి మోయడానికి వచ్చిన ఆవిడే, నేను చెంబెడు నీళ్లు మొక్క మొదట్లో పోస్తే భరించలేకపోయేది.

"మనుషులకే లేవు నీళ్లు. చెట్టుకి పోస్తన్నావా?"

"బియ్యం కడిగిన నీళ్లే అత్తయ్యా."

"బియ్యం కడిగిన నీళ్లు గేదెకి పెడతారు."

"మనకి గేదె లేదుగా."

"లేకపోతే ఎదురింటోళ్లకి ఉంది. వాళ్లకిస్తే చుక్క పాలు పోస్తారు."

ఆవిడ నీళ్ల బిందెల మీద మూతలు పెట్టి, మూతల మీద రాళ్లు పెట్టింది. నేను స్నానాల నీళ్లు గోడకి కన్నం పెట్టి పాదుల్లోకి మళ్లించాను. బాత్రూమ్ పెరట్లోనే ఉండేది కాబట్టి అది తేలికే. సబ్బునీళ్లకి మిరపమొక్కలు ముడుచుకుపోయాయి కానీ సొర మాత్రం తట్టుకుంది. అయితే బాత్రూమ్ ముందంతా ఎప్పుడూ చిత్తడిగా ఉండేది. దాని ఫలితం తర్వాత చూశాను.

పందిరి నిండా తెల్లటి పూలు వచ్చిన నెలలోనే మా వెనక గోడకి అవతల ఒకాయన రేకుల షెడ్డు వేశాడు. పెద్ద ఫ్యాక్టరీల్లో మిగిలిన రాతిముక్కలు తెచ్చుకొని, అంచులు కోసి, గుమ్మాలకీ అరుగులకీ అమ్ముతాడు. పెద్ద ఫ్యాక్టరీల్లో నీళ్లు పోసి కోస్తారు. ఈయన చేతిమిషన్లతో పొడిగా కోయించేవాడు. ఉదయం మిషను అరుపు మొదలైతే చీకటి పడితేనే ఆగేది. పొడి గోడ మీదుగా లేచి పొగమంచులా మా పందిరి మీద దిగేది. రెండు రోజులకి ఆకు పచ్చగా ఉందో లేదో వేలితో గీస్తే తప్ప తెలిసేది కాదు. పూలు పొడి బరువుకి ముడుచుకొని రాలిపోయాయి. పిందెలు చూపుడువేలంత అయి కుళ్లిపోయాయి. పొద్దున్నే తడిబట్ట తీసుకొని అందినంతవరకు ఆకులు తుడిచేదాన్ని. మధ్యాహ్నానికి మళ్లీ మామూలే.

"మీరు ఒక మాట చెప్పండి ఆయనకి," అని మా ఆయన్ని అడిగాను.

"ఏం చెప్పమంటావు? ఆయనకి ముక్కలు ఇచ్చేది మా ఓనరే. నేనెళ్లి నీ పని ఆపు అంటే బాగుంటుందా?"

"పని ఆపమని ఎవరన్నారు? నీళ్లు పోసి కొయ్యమనండి."

"నీళ్లు ఎక్కడివి?" అన్నాడు. నిజమే. మా ఇంట్లోనే లేవు.

చివరికి నేనే వెళ్లాను. అన్ని పిందెలు పోగా, ఆకుల చాటున ఒక కాయ మాత్రం నిలబడి పెరిగింది. పొడి తుడవకుండా అలాగే కోసుకెళ్లాను. షెడ్డు యజమాని నడివయసు మనిషి. తల, కనుబొమలు, మీసం అన్నీ బూడిదరంగులో ఉన్నాయి. నన్ను చూసి మిషను ఆపించి, స్టూలు వేయించాడు. నేను కూర్చోలేదు. కాయ ఆయన చేతికిచ్చాను.

"మీ మిషను పొడి తిని పెరిగిందండీ ఇది. ఎట్టా ఉందో మీరే చూడండి," అన్నాను. దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాట అది. తగలాల్సిన చోట తగులుతుందనుకున్నాను.

ఆయన కాయని రెండు చేతులతో తీసుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "ఎందుకమ్మా ఇయన్నీ. ఊళ్లోకి వచ్చి ఇన్నాళ్లయింది, ఒక్కళ్లు పలకరించింది లేదు. మీరు కాయ తెచ్చారు," అన్నాడు. నేను నోరు తెరిచేలోపు లోపలికి తిరిగి ఎవరికో చెప్పి, దాన్ని భద్రంగా సంచిలో పెట్టించాడు.

"అది కాదండీ, ఈ పొడి వల్ల పూలు..."

"ఈ ఊళ్లో పొడి ఎక్కడ లేదమ్మా. మా ఊపిరితిత్తుల నిండా అదేగా," అన్నాడు. అక్కడ మిషను పట్టుకొని ఉన్న ఇద్దరూ ఏ రాష్ట్రం నుంచి వచ్చారో, ముక్కులకి పాత తువాళ్లు కట్టుకొని నా వంక చూస్తున్నారు. వాళ్లని చూశాక నా సొరపూల సంగతి మళ్లీ ఎత్తలేకపోయాను. ఇంటికి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత గోడ మీదుగా ఆయన గొంతు వినపడింది. "కాయ బ్రహ్మాండంగా ఉందమ్మా. పులుసు పెట్టారు మా ఇంట్లో. ఇంకోటి కాస్తే చెప్పండి."

నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి మా అమ్మకి కంటి ఆపరేషన్ అయితే తోడుగా ఉండటానికి పుట్టింటికి వెళ్లాను. వెళ్లేముందు మళ్లీ నాటిన మిరపమొక్కలకి పాదులు చేసి, వంగకి ఎరువు వేసి, తీగలు పైకి ఎక్కించి వెళ్లాను. నేను అక్కడ ఉండగానే మా అత్తయ్య బాత్రూమ్ ముందు చిత్తడిలో కాలుజారి పడిందని ఫోన్ వచ్చింది. తుంటి విరగలేదు, నడుము బెణికిందన్నారు. వెంటనే బయల్దేరతానంటే మా ఆయన వద్దన్నాడు. "పక్కింటావిడ చూసుకుంటోంది. మీ అమ్మ కంటికి కట్టు విప్పాకే రా," అన్నాడు. పక్కింటి ఆయన పరుపులు కుట్టేవాడు. ఆయన భార్య నాకు మంచి స్నేహితురాలు. నమాజు వేళలు తప్ప మిగతా పొద్దంతా మా ఇంట్లోనో వాళ్లింట్లోనో ఇద్దరం కలిసే పని చేసుకునేవాళ్లం. ఆవిడ ఉందన్న నమ్మకంతో ఆగాను.

నేను తిరిగొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. ఎప్పుడూ లేనిది చేతిలోంచి సంచి అందుకున్నాడు. "కళ్లు మూసుకొని రా," అన్నాడు. వయసులో ఉన్నప్పుడు కూడా అలాంటివి చేసిన మనిషి కాదు. వంటింటి తలుపు తీశాడు.

పెరడంతా నల్లటి రాయి పరిచి ఉంది. గోడ నుంచి గోడకి. నునుపుగా, అక్కడక్కడ మెరుపుచుక్కలతో, ఆకాశం కనపడేలా మెరుస్తోంది. పందిరి లేదు. వంగ లేదు. మూలన ఉండే బూడిద గుట్ట కూడా లేదు. దాన్ని పరిచేసి, దాని మీదే సిమెంటు మాలు వేసి రాళ్లు కూర్చారు.

"వెనకాయన ఊరికే ఇచ్చాడు ముక్కలన్నీ. కాయ పంపారుగా మీ ఇంటినుంచి, నా తరపున ఇది ఉంచండి అన్నాడు. అమ్మ ఇంకోసారి పడితే లేవదు. బురద లేదు, పురుగూ పుట్రా రావు. ఓనరు గారింట్లో కూడా వెనక ఇంత రాయి లేదు," అంటున్నాడు మా ఆయన. నా మొహం చూసి ఆగాడు. "మొక్కలకి కుండీలు పెట్టుకుందువు," అన్నాడు.

ఏమనాలి? అత్తయ్య పడిన మాట నిజం. ఆవిడ పడింది నేను మళ్లించిన నీళ్లవల్లే. వంటింటి పక్క గదిలో మంచం మీద నుంచి ఆవిడ నన్నే చూస్తోంది. నేను నోరు విప్పితే ఆవిడ నడుము కంటే వంగమొక్కలు ఎక్కువయ్యాయని అర్థం వస్తుంది. "బాగుంది," అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు వచ్చినంత చిరాకు ఇంకెవరి మీదా రాలేదు.

పక్కింటావిడ చెప్పింది తర్వాత. "మేస్త్రి తీగలు పీకుతుంటే, అక్క వచ్చేదాకా ఆగమని చెప్పానక్కా. అన్న వినలేదు. నీకు ఆశ్చర్యంగా ఉండాలన్నాడు."

మొదటి వాన పడ్డాక ఇంకో సంగతి తెలిసింది. పాలిష్ పెట్టిన రాయి తడిస్తే మట్టి కంటే ఎక్కువ జారుతుంది. మా అత్తయ్య బాత్రూమ్‌కి గోడ పట్టుకొని, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ వెళ్లేది. "బురదలో కాలు దిగబడేది, దీని మీద నిలబడదే," అనేది. మా ఆయన దారి పొడుగునా గోనెసంచులు పరిచాడు. అవి తడిసి, పాచిపట్టి కంపు కొట్టాయి.

ఎండాకాలం వచ్చింది. నల్లరాయి పొద్దున తొమ్మిదికే కాలడం మొదలయ్యేది. చెప్పులు లేకుండా వంటింటి గుమ్మం దాటలేకపోయేవాళ్లం. ఆ సెగ వంటింట్లోకి కొట్టేది. సాయంత్రం అయినా రాయి చల్లారేది కాదు. కుండీల్లో పెట్టిన మొక్కలు కింద నుంచి ఉడికిపోయాయి. పాత పెయింటు డబ్బాల్లో వేసిన పుదీనా వేళ్లతో సహా మాడింది.

కానీ మిరపకాయలు ఎండటానికి మాత్రం అంత మంచి చోటు ఇంకోటి లేదు. ముందు పక్కింటావిడ అడిగింది, పచ్చడి మిరపకాయలు ఒక్క పూట ఎండబెట్టుకుంటానని. ఒక్క పూటలో గలగలలాడాయి. ఆ కబురు వీధంతా పాకింది. ఎదురింటి వాళ్లు కారం మిరపకాయలు తెచ్చారు. ఆ చివరి వాళ్లు వడియాలు, ఈ చివరి వాళ్లు చింతపండు, ధనియాలు. ఎవరొచ్చినా, "భలే చేయించుకున్నారండీ వెనక," అనేవాళ్లు. నేను వంటింట్లో తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ కూర తరిగేదాన్ని. ఆ కూర బజార్లో కొన్న వాడిపోయిన బీరకాయ. ఊళ్లో అందరికీ పనికొచ్చిన ఆ పెరడు నాకు ఒక్కదానికే పనికిరాకుండా పోయింది.

మా ఆయన అదంతా చూసి సంబరపడేవాడు. "చూశావా, ఎంతమందికి ఉపయోగపడుతోందో," అనేవాడు.

అలా మూడు నాలుగేళ్లు గడిచాయి. ఒక వర్షాకాలం సెప్టిక్ ట్యాంకు పొంగింది. దాని మూత ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. రాళ్ల కింద పోయింది. మేస్త్రి వచ్చి అటూ ఇటూ తట్టి చూసి, గోడ దగ్గర కొన్ని రాళ్లు లేపాడు. అక్కడ మూత లేదు. ఇంకాస్త ఇవతల లేపితే దొరికింది. పనయ్యాక మాలు కలుపుతుంటే నేను దగ్గరికి వెళ్లాను.

"మూత మీద రాయి వేసెయ్. గోడ దగ్గరవి వద్దు."

"అట్టా వదిలేస్తే బాగోదమ్మా. సారు తిడతారు."

"సారుకి నేను చెప్తాను."

సాయంత్రం మా ఆయన వచ్చి చూశాడు. మెరిసే రాయి మధ్యలో పన్ను ఊడినట్టు ఆ ఖాళీ ఉంది. అప్పటికే నేను కిందనున్న బూడిదగడ్డ తవ్వి తీసి, కుండీలకని అమ్మ ఎప్పుడో పంపిన రెండు బస్తాల రేగడి పోసి, దొండ అంటు గుచ్చాను. ఆయన ఏదో అనబోయాడు. మంచం మీద నుంచి మా అత్తయ్య అంది, "వదిలేయ్ రా. ఆ రాయి మీద నడవలేక నేనూ చస్తన్నా." ఆవిడ నా తరపున మాట్లాడటం అదే మొదలు. అయినా పొద్దున లేవగానే నీళ్ల బిందెల మీద మూతలు మాత్రం సరిచూసుకుంది.

దొండ బతికింది. గొప్పగా ఏమీ కాయలేదు. వెనక షెడ్డు పొడి ఎప్పటిలాగే పడేది, ఆకులు తుడిచే పని ఎప్పటిలాగే ఉండేది. వారంలో ఒక్కపూట వేపుడికి సరిపడా వచ్చేవి. ఆ ఎండాకాలం మా ఆయన రాత్రి భోజనం చేస్తూ చొక్కా విప్పి విసురుకుంటూ, "వెనక సెగ ఎక్కువైపోయింది. ఇంకో రెండు రాళ్లు తీయించమంటావా?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆ పెరటి గురించి నన్ను అడిగింది అదే మొదటిసారి.

"రెండు కాదు, మొత్తం తీయించండి," అన్నాను.

ఆయన ముద్ద పట్టుకొని ఆలోచించాడు. "మొత్తం తీస్తే వీధిలో వాళ్లంతా మిరపకాయలు ఎక్కడ పోసుకుంటారే?" అన్నాడు. నిజంగానే వాళ్ల గురించి బాధపడుతున్నాడు.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీకి వెళ్లాక నేనే గునపం తీశాను. దొండపాదు పక్క రాయి సందులో మొన పెట్టి, బరువంతా వేసి లేపాను. అది సగానికి విరిగింది. సగం వచ్చింది, సగం మాలుకి పట్టుకొని ఉండిపోయింది. దాన్ని కూడా లేపేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కింటావిడ చేటలో మిరపకాయలతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "ఏం చేస్తన్నావక్కా, మంచి రాయి," అంది. ఆవిడ కాయలు పోసుకోవడానికి కాస్త ఎడంగా చోటు చూపించి, మళ్లీ గునపం అందుకున్నాను.

ఆ ఎండలు తగ్గేలోపు గోడ వెంట ఒక వరస లేపగలిగాను. మిగతాది నా వల్ల కాలేదు.